ఆప్షన్లు పెట్టకముందే అప్పు లెక్క: కాలేజీ ఎంచుకునే కుటుంబాలకు

ఆంధ్రప్రదేశ్‌లో ఇంజినీరింగ్ సీట్లకు రాసే ఈఏపీసెట్‌లో ర్యాంకు వచ్చిన రోజు నుంచి ఇంట్లో మాటలన్నీ ఏ కాలేజీ, ఏ బ్రాంచి అనే తిరుగుతాయి. డబ్బు మాట మాత్రం సీటు అలాట్ అయ్యాకే వస్తుంది. అప్పటికి కాలేజీలో రిపోర్ట్ చేయడానికి కొద్ది రోజులే గడువుంటుంది. సీటు పోతుందేమోనన్న భయంలో ఎంత చెబితే అంత అప్పుకి సంతకం పెట్టేస్తారు. ఈ వరుసను తిరగేయండి. అప్పు లెక్క ముందు, వెబ్ ఆప్షన్లు (కావలసిన కాలేజీ, బ్రాంచి వరసని ఆన్‌లైన్‌లో ఇవ్వడం) తర్వాత.

దీనికి ఒక నోటుబుక్కు, ఫోన్‌లో కాలిక్యులేటర్, రెండు సాయంత్రాలు చాలు. చదవబోయే అమ్మాయినో అబ్బాయినో పక్కన కూర్చోబెట్టుకునే చేయండి. ఎడ్యుకేషన్ లోన్ వాళ్ల పేరు మీద ఉంటుంది, తల్లో తండ్రో సహ రుణగ్రహీతగా సంతకం పెడతారు. రేపు నెలనెలా తీరేది వాళ్ల జీతంలోంచే. ఆ అంకె వాళ్లకి ఇప్పుడే తెలియాలి. ఇక్కడ ఉదాహరణ బీటెక్‌ది. డిగ్రీకైనా, ఫార్మసీకైనా, నర్సింగ్‌కైనా పద్ధతి ఇదే.

నాలుగేళ్ల ఖర్చు రాయండి

మనసులో ఉన్న ఒక్కో కాలేజీకి ఒక్కో పేజీ తీసుకోండి. అందులో నాలుగు నిలువు వరసలు గీయండి, ఏడాదికొకటి. ట్యూషన్ ఫీజు ఒక్కటే చూసి "ఏడాదికి ఇంతేగా" అనుకోవడం దగ్గరే చాలా లెక్కలు తప్పుతాయి. అడ్మిషన్ కౌంటర్‌లో ఇచ్చే ఫీజు కాగితం ఒకసారి చేతిలోకి తీసుకుని చూడండి. పైన ట్యూషన్ ఫీజు పెద్ద అక్షరాల్లో ఉంటుంది. దాని కింద స్పెషల్ ఫీజు, యూనివర్సిటీ ఫీజు, "ఇతర ఫీజులు" అని చిన్న వరసలు ఉంటాయి. ఆ "ఇతర" అన్న మాట దగ్గర ఆగి, ఏమేమి ఇతరాలో అడిగి పెన్సిల్‌తో పక్కనే రాసుకోండి. పరీక్ష ఫీజు, రికార్డులు, యూనిఫారం, లైబ్రరీ డిపాజిట్, మూడో ఏడాదిలో క్యాంపస్ ఉద్యోగాల శిక్షణ పేరుతో తీసుకునే సీఆర్‌టీ ఫీజు, వీటిలో కొన్ని కాగితం మీద కనిపించనే కనిపించవు. అదే కాలేజీలో రెండో ఏడాదో మూడో ఏడాదో చదువుతున్న పిల్లల్ని అడిగితే ఐదు నిమిషాల్లో మొత్తం చెప్పేస్తారు.

తర్వాత రవాణా, వసతి. బెజవాడలో ఇల్లుండి కానూరులో చదివితే ఖర్చొకటి, గుంటూరు నుంచి రోజూ వచ్చిపోతే ఇంకొకటి, హాస్టల్‌లో ఉంటే మరొకటి. కాలేజీ బస్సు ఫీజుని ఆర్టీసీ స్టూడెంట్ పాస్‌తో పోల్చి చూడండి. కొన్ని కాలేజీలు బస్సు ఎక్కినా ఎక్కకపోయినా ఏడాది మొత్తానికి కట్టమంటాయి. ఈ సంగతి ముందే తేల్చుకోవాలి. హాస్టల్ అయితే ఏసీ, నాన్ ఏసీ తేడాతోపాటు మెస్ ఛార్జీ అందులో కలిసి ఉందో విడిగానో అడగండి.

ప్రైవేటు యూనివర్సిటీ, డీమ్డ్ యూనివర్సిటీ అయితే ఇంకో రెండు ప్రశ్నలు తప్పనిసరి. ఫీజు ఏటా పెరుగుతుందా, పెరిగితే ఎంత శాతం? మెరిట్ స్కాలర్‌షిప్ అని మొదటి ఏడాది తగ్గించింది నాలుగేళ్లూ ఉంటుందా, దానికి ఎంత సీజీపీఏ (సెమిస్టర్లన్నిటి సగటు గ్రేడు) నిలబెట్టాలి? సీజీపీఏ ఒక్క సెమిస్టర్‌లో జారితే రాయితీ మొత్తం పోయే షరతులున్నాయి. రాయితీ పోతుందనుకునే రెండు, మూడు, నాలుగో ఏడాది అంకెలు వేయండి. నిలబడితే అది మీ అదృష్టం, లెక్కలో ఆధారం మాత్రం కాకూడదు.

రసీదు లేకుండా అడిగే డబ్బు ఏ పేరుతో అడిగినా డొనేషనే. మన రాష్ట్రంలో క్యాపిటేషన్ ఫీజుని నిషేధించే చట్టం 1983 నుంచి ఉంది. డొనేషన్‌కి బ్యాంకు అప్పు ఇవ్వదు, పన్ను మినహాయింపు రాదు, సీటు మానుకుంటే తిరిగి రాదు. రసీదు లేని రూపాయి అడిగిన కాలేజీ పేజీని అక్కడితో మూసేయొచ్చు.

చేతికి వచ్చేది తీసేయండి

కుటుంబ వార్షికాదాయం 2.5 లక్షల లోపు ఉంటే ఫీజు రీయింబర్స్‌మెంట్ వర్తిస్తుంది. ప్రభుత్వాలు మారినప్పుడల్లా ఈ పథకం పేరు, డబ్బు జమ చేసే తీరు మారుతూ వచ్చాయి. కొన్నాళ్లు కాలేజీ ఖాతాకి, కొన్నాళ్లు తల్లి ఖాతాకి వేశారు. మారనిది ఒకటుంది. ఇది కౌన్సెలింగ్‌లో ర్యాంకు మీద ఇచ్చే కన్వీనర్ కోటాలో సీటు వచ్చిన వాళ్లకే. కాలేజీ సొంతంగా నింపుకునే మేనేజ్‌మెంట్ కోటాకి, కౌన్సెలింగ్ అయ్యాక మిగిలిన సీట్లకు జరిగే స్పాట్ అడ్మిషన్‌కి రాదు. మంచి బ్రాంచి కోసమని స్పాట్‌లో చేరి, తర్వాత రీయింబర్స్‌మెంట్ వస్తుందని ఎదురుచూసే కుటుంబాలు ఏటా ఉంటాయి. చేరేముందే ఈ సంగతి తెలుసుకోండి. 75 శాతం హాజరు లేకపోయినా ఆగిపోతుంది.

ఇంకో జాగ్రత్త. ప్రభుత్వం విడుదల చేయడం ఆలస్యమైతే కాలేజీ మిమ్మల్ని కట్టమంటుంది, పరీక్ష హాల్‌టికెట్ దగ్గరో సర్టిఫికెట్ల దగ్గరో పేచీ పెడుతుంది. కాబట్టి రీయింబర్స్‌మెంట్ ఉన్న ఇంట్లో కూడా ఒక ఏడాది ఫీజుకి సరిపడా డబ్బు ఎక్కడి నుంచి తేగలరో నోటుబుక్కులో రాసి ఉంచండి. రెండు రూపాయల వడ్డీకి ఆ రోజు పరుగెత్తకుండా ఉండడానికే ఇది.

స్కాలర్‌షిప్‌లలో రెండు ఎక్కువ మందికి పనికొస్తాయి. సాంకేతిక విద్యామండలి ఏఐసీటీఈ ఇచ్చే ప్రగతి అమ్మాయిలకు, ఏడాదికి 50,000 రూపాయలు. కుటుంబ ఆదాయం 8 లక్షలు దాటకూడదు, ఒక ఇంట్లో ఇద్దరమ్మాయిల వరకూ ఇస్తారు. దివ్యాంగులైన విద్యార్థులకు ఇలాంటిదే సక్షమ్. రెండోది కేంద్ర ప్రభుత్వ సెంట్రల్ సెక్టార్ స్కాలర్‌షిప్. ఇంటర్ బోర్డులో 80వ పర్సంటైల్ పైన (మార్కుల్లో నూటికి 80 మంది కన్నా ముందు) ఉండి ఆదాయం 4.5 లక్షల లోపు ఉంటే డిగ్రీ స్థాయిలో ఏడాదికి 12,000. రెండింటికీ నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లోనే దరఖాస్తు చేయాలి. రెండూ కలిపి లెక్కలో వేసుకోకండి, ఒకటే వస్తుందనుకోండి. అర్హత ఉన్న అందరికీ వస్తుందన్న హామీ కూడా లేదు, అందుకే పెన్నుతో కాదు, పెన్సిల్‌తో రాయండి.

ఇక మీ సొంత డబ్బు. జీతం నుంచో కౌలు నుంచో దుకాణం నుంచో నెలకు ఎంత నిజంగా పక్కన పెట్టగలరు? నిరుడు మిర్చికో పత్తికో వచ్చిన ధర చూసి కాదు, గత నాలుగేళ్లలో అన్నిటికన్నా తక్కువ మిగిలిన ఏడాది అంకె వేయండి. నాలుగేళ్ల మొత్తం ఖర్చులోంచి ఇవన్నీ తీసేస్తే మిగిలేదే చేయాల్సిన అప్పు.

లక్ష అప్పు నెలకు ఎంత అవుతుంది

మన వైపు వడ్డీని నూటికి నెలకి ఇంత అని చెప్పుకుంటాం. రూపాయి వడ్డీ అంటే ఏడాదికి 12 శాతం. బ్యాంకు 9 శాతం అంటే ముప్పావలా వడ్డీ, 10 శాతం అంటే 83 పైసలు. వినడానికి చవకే. కానీ ఎడ్యుకేషన్ లోన్‌లో అసలు బరువు వడ్డీ రేటులో కాదు, కాలంలో ఉంది. చదువు నాలుగేళ్లు, తర్వాత ఒక ఏడాది మారటోరియం, అంటే కిస్తీ కట్టక్కర్లేని గడువు. ఈ ఐదేళ్లూ మీరు కట్టకపోయినా సాధారణ వడ్డీ పడుతూనే ఉంటుంది. ఐదేళ్ల తర్వాత ఆ వడ్డీ అసలులో కలిసి, మొత్తం మీద ఈఎంఐ మొదలవుతుంది.

చేత్తో వేసి చూడండి. 10 శాతం వడ్డీకి మొత్తం 8 లక్షలు, ప్రతి ఏడాది మొదట్లో 2 లక్షల చొప్పున బ్యాంకు కాలేజీకి కడుతుంది. మొదటి 2 లక్షలకు ఐదేళ్లు, రెండో విడతకు నాలుగేళ్లు, మూడో దానికి మూడేళ్లు, నాలుగో దానికి రెండేళ్లు వడ్డీ. కలిపితే పద్నాలుగేళ్లు. 2 లక్షలకు ఏడాదికి 20,000 చొప్పున 2.8 లక్షలు. ఈఎంఐ మొదలయ్యే రోజుకి అప్పు 8 లక్షలు కాదు, 10.8 లక్షలు. పదేళ్లలో తీరిస్తే నెలకు 14,272 రూపాయలు, మొత్తం కట్టేది 17.13 లక్షలు. ఏడేళ్లలో అయితే నెలకు 17,929, మొత్తం 15.06 లక్షలు. పదిహేనేళ్లకు పెట్టుకుంటే నెలకు 11,606కి తగ్గుతుంది గానీ మొత్తం 20.89 లక్షలు అవుతుంది.

దీన్నుంచి గుర్తుపెట్టుకోవాల్సింది ఒక్క అంకె. 10 శాతం వడ్డీకి, చదువుతున్నప్పుడు ఏమీ కట్టకపోతే, తీసుకున్న ప్రతి లక్షకూ పదేళ్ల పాటు నెలకు దాదాపు 1,800 రూపాయలు. ఏడేళ్లలో తీర్చాలంటే లక్షకు దాదాపు 2,250. ఇకపై ఏ కాలేజీ ఫీజు విన్నా లక్షలను 1,800తో గుణించండి. "పన్నెండు లక్షల లోన్" అన్నది నెలకు 21,000 పైన అని వెంటనే తెలుస్తుంది.

చదువుతుండగానే వడ్డీ కడితే ఏమవుతుంది? అదే 8 లక్షలకు మొదటి ఏడాది నెలకు 1,667, రెండో ఏడాది 3,333, మూడో ఏడాది 5,000, తర్వాత రెండేళ్లూ 6,667. ఇలా 2.8 లక్షలు ముందే కట్టేస్తే ఈఎంఐ 10,572కి దిగుతుంది, మొత్తం మీద 1.64 లక్షలు మిగులుతాయి. వడ్డీ ఎప్పటికప్పుడు కట్టేవాళ్లకు బ్యాంకులు మామూలుగా ఒక శాతం వడ్డీ తగ్గింపు కూడా ఇస్తాయి, అడిగి రాయించుకోండి. మొత్తం కట్టలేని వాళ్లు కనీసం మొదటి రెండేళ్ల వడ్డీ కట్టండి. మొదటి ఏడాది నెలకు 1,667 అంటే చాలా ఇళ్లలో చీటీ కట్టేదానికన్నా తక్కువ.

జీతం లెక్క హోర్డింగ్ మీద చూడకండి

బెంజి సర్కిల్ దగ్గర నిలబడి తలెత్తితే నలభై లక్షల ప్యాకేజీలు, నవ్వుతున్న ముఖాలు కనిపిస్తాయి. ఆ అంకె ఒకరిద్దరిది. మీ లెక్కకి కావలసింది మధ్యస్థ జీతం, అంటే ఉద్యోగాలొచ్చిన వాళ్లందరినీ జీతం వరసలో నిలబెడితే సరిగ్గా మధ్యలో ఉన్నవాళ్లది. సగటు జీతం కూడా మోసం చేస్తుంది. ఒక్క పెద్ద ప్యాకేజీ ఉంటే సగటు పైకి లేస్తుంది, మధ్యస్థం కదలదు.

ఈ అంకె దొరికే చోటొకటి ఉంది. కేంద్ర విద్యాశాఖ ఇచ్చే ఎన్ఐఆర్ఎఫ్ ర్యాంకింగ్‌కి దరఖాస్తు చేసే ప్రతి కాలేజీ తాను ఇచ్చిన వివరాలను తన వెబ్‌సైట్‌లో పెట్టాలి. కాలేజీ సైట్‌లో ఎన్ఐఆర్ఎఫ్ అన్న లింకు నొక్కితే ఒక పీడీఎఫ్ వస్తుంది. అందులో నాలుగేళ్ల బీటెక్ పట్టిక చూడండి. ఎంతమంది చేరారు, ఎంతమంది సమయానికి పాసయ్యారు, ఎంతమందికి ఉద్యోగం వచ్చింది, మధ్యస్థ జీతం ఎంత, ఎంతమంది పై చదువులకు వెళ్లారు, అన్నీ ఒకే వరసలో ఉంటాయి. చేరిన వాళ్ల సంఖ్యను ఉద్యోగం వచ్చిన వాళ్ల సంఖ్యతో పోల్చండి. చేరిన వాళ్లలో సగం మందికే ఉద్యోగం వచ్చి ఉంటే, ఆ మధ్యస్థ జీతం సగం తరగతిదే. మిగతా సగానికి ఆ ఏడాది జీతమే లేదు. మూడేళ్ల పీడీఎఫ్‌లు పక్కపక్కన పెట్టి చూడండి, ఒక్క ఏడాది చూస్తే సరిపోదు.

ఈ పట్టిక కాలేజీ మొత్తానిది, బ్రాంచి వారీగా ఉండదు. సీఎస్ఈ వాళ్ల అంకెలతో సివిల్, మెకానికల్ కలిసిపోతాయి. బ్రాంచి సంగతి ప్లేస్‌మెంట్ ఆఫీసులో అడగండి. ఒకే విద్యార్థికి మూడు ఆఫర్లొస్తే మూడుగా లెక్కించారా ఒకటిగానా అని కూడా అడగండి. సూటిగా జవాబు చెప్పని చోట అదే ఒక జవాబు.

మూడున్నర లక్షల ప్యాకేజీ అంటే కోతలు పోను నెలకు చేతికొచ్చేది పాతిక వేలు, అటూ ఇటూ. ఉద్యోగం ఎక్కువ మందికి హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో. హాస్టల్ అద్దె, భోజనం, బస్సు, ఫోన్ పోతే మిగిలేది చాలా తక్కువ. అందులోంచి 14,272 ఈఎంఐ కట్టడం అసాధ్యం. ఆ భారం మళ్లీ తండ్రి మీదే పడుతుంది.

మా అభిప్రాయంలో ఈఎంఐ చేతికొచ్చే జీతంలో ఐదో వంతు దాటకూడదు. మధ్యస్థ ప్యాకేజీ 4 లక్షలున్న కాలేజీ అయితే చేతికి దాదాపు 30,000, అందులో ఐదో వంతు 6,000. దాన్ని 1,800తో భాగిస్తే 3.3 లక్షలు. ఆ కాలేజీకి మీరు చేయదగ్గ అప్పు అంతే. చదువుతున్నప్పుడు వడ్డీ కట్టగలిగితే 4.5 లక్షల వరకూ వెళ్లొచ్చు. ఫీజు పెద్దదైన కాలేజీ మధ్యస్థ జీతం కూడా అంతకంతా పెద్దదైతే లెక్క అదే ఒప్పుకుంటుంది. ఎక్కువసార్లు ఫీజు నాలుగు రెట్లుంటుంది, మధ్యస్థ జీతం ఒకటిన్నర రెట్లు కూడా ఉండదు.

ఆడపిల్ల విషయంలో ఒక మాట. "పెళ్లయ్యాక ఆ అప్పు ఎవరు కడతారు" అని అమ్మాయికి తక్కువ కోర్సు, తక్కువ కాలేజీ చూసే ఇళ్లు ఇంకా ఉన్నాయి. లోన్ ఆమె పేరు మీద, ఆమె జీతం మీద ఉంటుంది, పెళ్లితో మారదు. చాలా ప్రభుత్వ బ్యాంకులు అమ్మాయిలకు అర శాతం వడ్డీ తగ్గిస్తాయి. ఐదో వంతు లెక్క ఇద్దరికీ ఒకటే.

ఆప్షన్ల జాబితా

ఇప్పుడు ప్రతి కాలేజీ పేజీ కింద రెండు అంకెలుంటాయి, కావలసిన అప్పు, చేయదగ్గ అప్పు. మొదటిది రెండోదాన్ని దాటిన కాలేజీలను ఆప్షన్లలో పెట్టకండి. "చూద్దాం, పైన పెడితే పోయేదేముంది" అనుకోవద్దు. అలాట్‌మెంట్ మీ వరసలో పై నుంచి చూసి, ర్యాంకుకి దొరికే మొదటి సీటు ఇచ్చేస్తుంది. అది వచ్చిందంటే దాని కింద రాసుకున్న, మీరు భరించగలిగిన సీటు మీకు చూపించదు. కాగితం మీద కాలేజీ కోడ్, బ్రాంచి కోడ్‌తో వరస రాసి, ఇంట్లో అందరూ చూశాకే కంప్యూటర్ ముందు కూర్చోండి. నెట్ సెంటర్ కుర్రాడికి వదిలేయకండి. జాబితా ఫ్రీజ్ (ఖరారు) చేసేముందు ప్రతి కోడ్ మీరే సరిచూడండి.

కౌన్సెలింగ్‌కి ముందే ప్రైవేటు యూనివర్సిటీలో అడ్వాన్స్ కట్టి సీటు పట్టుకోవడం ఇక్కడ అలవాటు. కట్టేముందు రీఫండ్ నియమం అడగండి. యూజీసీ 2018 అక్టోబర్ నోటిఫికేషన్ ప్రకారం, ప్రకటించిన అడ్మిషన్ల ఆఖరి తేదీకి 15 రోజులు అంతకన్నా ముందు మానుకుంటే మొత్తం తిరిగివ్వాలి, ప్రాసెసింగ్ కింద గరిష్ఠంగా 5,000 తగ్గించుకోవచ్చు. 15 రోజుల లోపైతే 90 శాతం, ఆఖరి తేదీ దాటాక 15 రోజుల వరకూ 80 శాతం, 30 రోజుల వరకూ 50 శాతం, ఆపైన ఏమీ రాదు. ఒరిజినల్ సర్టిఫికెట్లు తమ దగ్గర అట్టిపెట్టుకోకూడదని కూడా అందులోనే ఉంది. మానుకుంటున్నట్టు ఫోన్‌లో చెప్పకుండా ఈమెయిల్ పెట్టండి, తేదీకి సాక్ష్యం అదే.

అప్పు లేకుండానో తక్కువతోనో వెళ్లే దారులు

పదో తరగతి అయిన పిల్లలున్న ఇల్లు ఇది చదువుతుంటే ఆగి ఆలోచించండి. పాలిసెట్ రాసి పాలిటెక్నిక్ డిప్లొమా మూడేళ్లు, తర్వాత ఈసెట్‌తో బీటెక్ రెండో ఏడాదిలో చేరి మూడేళ్లు. మొత్తం ఆరేళ్లు. ఇంటర్ రెండేళ్లు, బీటెక్ నాలుగేళ్లు కలిపినా ఆరేళ్లే. కాలం ఒక్క రోజు కూడా ఎక్కువ పట్టదు. కార్పొరేట్ ఇంటర్ ఫీజు, హాస్టల్ ఖర్చు మొత్తం మిగులుతుంది, బీటెక్‌లో ఒక ఏడాది ఫీజు తగ్గుతుంది. విజయవాడ, గుంటూరుల్లో ప్రభుత్వ పాలిటెక్నిక్‌లు ఉన్నాయి. లోపం ఒకటే, ఇంటర్ గణితం లోతుగా చదివినవాళ్లతో పోలిస్తే బీటెక్ మొదట్లో లెక్కలు కష్టమవుతాయి. ఈసెట్ అయ్యాక దొరికే సెలవుల్లో ఆ పని చేసుకోవచ్చు. పదో తరగతి మార్కులు చాలా బాగుంటే నూజివీడు ట్రిపుల్ ఐటీ ఆరేళ్ల కోర్సు కూడా చూడండి.

ఇంటర్ అయిపోయిన వాళ్లకు డిగ్రీ చేసి ఐసెట్‌తో రెండేళ్ల ఎంసీఏకి వెళ్లే దారి ఉంది. బీటెక్ కన్నా ఒక ఏడాది ఎక్కువ, ఖర్చు చాలా తక్కువ. విజయవాడలో ఎస్ఆర్ఆర్ అండ్ సీవీఆర్, లయోలా, గుంటూరులో హిందూ కళాశాల, ఏసీ కాలేజీ, మహిళా కళాశాల లాంటివి ఇంటి నుంచే వెళ్లి చదువుకునే దూరంలో ఉన్నాయి. తర్వాత పీజీకి నాగార్జున యూనివర్సిటీ రెండు ఊళ్లకీ మధ్యలోనే ఉంది.

బ్యాంకుకు వెళ్లేముందు

మామూలు పథకంలో మెట్లు ఇలా ఉంటాయి. 4 లక్షల వరకూ మీరు వేసుకోవాల్సిన వాటా లేదు, తాకట్టు లేదు. ఆపైన దేశంలో చదువుకి 5 శాతం మీ వాటా. 7.5 లక్షల వరకూ ప్రభుత్వ క్రెడిట్ గ్యారంటీ కింద తాకట్టు లేకుండా ఇవ్వొచ్చు. అది దాటితే ఆస్తి చూపించాలి. ఇక్కడే మన వైపు కుటుంబాలు తడబడతాయి. మూడెకరాల పొలం ఉందని ధైర్యంగా వెళతారు. బాకీ తీరకపోతే కోర్టుకి వెళ్లకుండానే తాకట్టు ఆస్తిని తీసుకోనిచ్చే సర్ఫేసీ చట్టం కింద వ్యవసాయ భూమిని బ్యాంకు స్వాధీనం చేసుకునే వీలు లేదు, అందుకే ఎడ్యుకేషన్ లోన్‌కి పొలాన్ని తీసుకోవడానికి చాలా బ్రాంచీలు ఇష్టపడవు. రిజిస్టర్డ్ దస్తావేజు లేని గ్రామకంఠం ఇల్లూ కష్టమే. ఊళ్లో స్థలం, ఫ్లాట్, ఫిక్స్‌డ్ డిపాజిట్, ఎల్ఐసీ పాలసీ అయితే సులువు. ఆస్తికి లింకు దస్తావేజులు, ఈసీ (ఆస్తి మీద లావాదేవీలు చూపే పత్రం), పన్ను రసీదు, ప్లాన్ అప్రూవల్ కావాలి. లీగల్ ఒపీనియన్, వాల్యుయేషన్ ఖర్చు మీదే.

పీఎం విద్యాలక్ష్మి పథకాన్ని కేంద్ర మంత్రివర్గం 2024 నవంబర్ 6న ఆమోదించింది. జాబితాలోని విద్యాసంస్థల్లో మెరిట్ మీద చేరితే తాకట్టు, హామీదారు లేకుండా లోన్ ఇస్తారు. కుటుంబ ఆదాయం 8 లక్షల లోపు ఉంటే 10 లక్షల వరకూ అప్పు మీద మారటోరియం కాలానికి 3 శాతం వడ్డీ రాయితీ ఉంది, ఏడాదికి లక్షమంది విద్యార్థుల పరిమితితో. వృత్తి, సాంకేతిక కోర్సులకు 4.5 లక్షల లోపు ఆదాయం ఉన్నవాళ్లకు ఆ కాలం వడ్డీ మొత్తం ప్రభుత్వమే కట్టే పథకం వేరే ఉంది. మీ కాలేజీ జాబితాలో ఉందో లేదో పీఎం విద్యాలక్ష్మి పోర్టల్‌లో చూసుకోండి, కాలేజీ వాళ్ల మాట మీద నమ్మకండి. జాబితాలో ఉందంటే అప్పు తేలిగ్గా పుడుతుందనే అర్థం. కాలేజీ చవకని కాదు. తాకట్టు అడగలేదని 12 లక్షలు తీసుకుంటే ఈఎంఐ 21,000 పైమాటే.

తల్లిదండ్రుల సిబిల్ రిపోర్టు (పాత అప్పుల చరిత్ర) ముందే తీయించండి. ఎప్పుడో బాకీ పడిన పంటరుణం, స్నేహితుడికి హామీ పెట్టిన బండి లోన్, మరిచిపోయిన క్రెడిట్ కార్డు, ఇవే దరఖాస్తు ఆపేస్తాయి. వాటిని సరిచేయడానికి నెలలు పడుతుంది, అందుకే ఇంటర్ రెండో ఏడాదిలోనే చూడాలి. సచివాలయంలో ఆదాయ ధ్రువీకరణ పత్రం కూడా ముందే తీసుకోండి. టెన్త్, ఇంటర్ మార్కులు, ర్యాంకు కార్డు, అలాట్‌మెంట్ ఆర్డర్, కాలేజీ లెటర్‌హెడ్ మీద నాలుగేళ్ల ఫీజు వివరం, ఇద్దరి ఆధార్, పాన్, ఆరు నెలల బ్యాంకు స్టేట్‌మెంట్, ఇంతే ఫైలు.

బ్రాంచిలో "చూద్దాం" అని తిప్పుతుంటే పోర్టల్‌లో దరఖాస్తు పెట్టండి, నంబరు వస్తుంది. తిరస్కరిస్తే కారణం రాతపూర్వకంగా అడగండి. తర్వాత జిల్లా లీడ్ బ్యాంకు మేనేజర్‌కి చెప్పండి. బ్యాంకుకి ఇచ్చిన ఫిర్యాదుకి 30 రోజుల్లో జవాబు రాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి ఆన్‌లైన్‌లోనే వెళ్లొచ్చు, ఖర్చు లేదు.

శాంక్షన్ లెటర్ ఇంటికి తెచ్చుకుని చదవండి. చూడాల్సింది వడ్డీ ఫ్లోటింగా (మధ్యలో మారేదా), మారటోరియం ఎన్ని నెలలు, ఇన్సూరెన్స్ ప్రీమియం అప్పులో కలిపారా అన్నవే. కలిపిన ప్రీమియం మీద కూడా పదిహేనేళ్లు వడ్డీ కడతారు. అది తప్పనిసరో కాదో అడిగే హక్కు మీకుంది. ఫ్లోటింగ్ వడ్డీ అప్పుని ముందే తీర్చినందుకు జరిమానా ఉండదు.

చేరాక, చదువు అయ్యాక

లోన్ విడత ప్రతి ఏడాదీ దానంతటదే పడదు. మార్కుల మెమో, ఫీజు డిమాండ్ కాగితం బ్రాంచిలో ఇవ్వాలి. జూన్‌లో మరిచిపోతే సెప్టెంబర్‌లో లేటు ఫీజు పడుతుంది. క్రెడిట్లు సరిపోక డిటైన్ అయితే, అంటే పై ఏడాదికి పంపకపోతే, విడత ఆగుతుంది, రీయింబర్స్‌మెంట్ ఆగుతుంది, వడ్డీ మాత్రం ఆగదు. మొదటి ఏడాది బ్యాక్‌లాగ్‌లు మిగలనివ్వకపోవడం డబ్బు లెక్కలో కూడా పెద్ద పనే. వడ్డీ రాయితీకి అర్హత ఉంటే బ్రాంచి క్లెయిమ్ పెట్టిందో లేదో ఏటా అడగండి.

ఎక్కువ అప్పులు చెడేది డబ్బు లేక కాదు, తేదీ తెలియక. పిల్లలు బెంగళూరులో ఉంటారు, బ్యాంకు ఉత్తరం తెనాలిలో పాత అద్దె ఇంటికి వెళుతుంది, ఫోన్ నంబరు మారిపోయి ఉంటుంది. కట్టకుండా 90 రోజులు దాటితే ఖాతా ఎన్‌పీఏ (మొండి బాకీ) అవుతుంది, పిల్లలదీ తల్లిదండ్రులదీ ఇద్దరి సిబిల్ దెబ్బతింటుంది. మారటోరియం ముగిసే రెండు నెలల ముందే బ్రాంచికి వెళ్లి ఈఎంఐ పట్టిక తీసుకుని, జీతం ఖాతా నుంచి ఆటో డెబిట్ పెట్టించండి. అప్పటికి ఉద్యోగం రాకపోతే గడువు దాటకముందే రాతపూర్వకంగా పొడిగింపు అడగండి. బాకీలో కొంత కట్టి ఖాతా మూసేసే సెటిల్‌మెంట్‌కి ఒప్పుకోవడం ఆఖరి మార్గం, "సెటిల్డ్" అన్న మాట ఏళ్ల తరబడి రిపోర్టులో ఉండిపోయి ఇంటి లోన్‌కి అడ్డొస్తుంది. పాత ఆదాయపు పన్ను విధానంలో ఉన్నవాళ్లకు కట్టిన వడ్డీ మొత్తానికి ఎనిమిదేళ్ల వరకూ మినహాయింపు ఉంది. కొత్త విధానంలో లేదు.

ఆఖరి ఈఎంఐ కట్టాక నో డ్యూ సర్టిఫికెట్ అడిగి తీసుకోండి. తాకట్టు పెట్టిన దస్తావేజులు 30 రోజుల్లో తిరిగివ్వాలి, ఆలస్యం బ్యాంకుదైతే రోజుకి 5,000 రూపాయల పరిహారం ఇవ్వాలని రిజర్వు బ్యాంకు నియమం 2023 డిసెంబర్ నుంచి అమల్లో ఉంది. నెల తర్వాత సిబిల్ రిపోర్టు తీసి, ఆ ఖాతా ఎదురుగా "క్లోజ్డ్" అని పడిందో లేదో చూసుకోండి.